"గిఫ్ట్ ఐటమ్స్, విలువ 10 పౌండ్లు": బ్రిటన్‌లో ఆగిపోయిన ఒక పార్శిల్ కేసు

పెద్దాయన నా దగ్గరికి వచ్చేసరికి పార్శిల్ బుక్ అయి ఆరు రోజులైంది. చేతిలో ఎయిర్‌వే బిల్ (పార్శిల్ నంబరు ఉండే కొరియర్ రవాణా పత్రం) కాపీ, కొరియర్ వాళ్లు పంపిన ఈమెయిల్ ప్రింటు, దానికి తాను ఇచ్చిన జవాబు ప్రింటు. మూడూ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి రబ్బరు బ్యాండు వేసి తెచ్చారు. పక్కన ఆయన భార్య. కూర్చోగానే ఆవిడే మొదలుపెట్టారు.

"బాబూ, మనవడి పుట్టినరోజు ఇంక పన్నెండు రోజులే ఉంది. పెట్టె అక్కడ కస్టమ్స్‌లో పట్టేసుకున్నారట. మేమేమైనా తప్పు చేశామా?"

ఇది నేను బుక్ చేసిన పార్శిల్ కాదు. వేరే కొరియర్ కౌంటర్‌లో బుక్ చేసుకున్నారు, ఇరుక్కున్నాక ఎవరో చెబితే నా దగ్గరికి వచ్చారు. విదేశీ పార్శిళ్లు బుక్ చేయడం, ఆగిపోయినవాటిని విడిపించడం నా పని. పద్నాలుగేళ్లుగా చేస్తున్నాను. మనుషుల వివరాలు మార్చాను, అంకెలు మాత్రం కేసులో ఉన్నవే.

పెట్టెలో ఏముందో ముందు అడిగాను. ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పారు. కూతురికి ఉన్ని స్వెట్టర్, అల్లుడికి చేతి గడియారం, మనవడికి చెక్క రైలు బొమ్మ, పట్టాలతో సహా. ఇంకా కూతురి లాప్‌టాప్. అది కానుక కాదు, ఆమెదే. పద్నాలుగు నెలల కింద పుట్టింటికి వచ్చినప్పుడు మర్చిపోయి వెళ్లింది. ఇప్పుడు అందులో ఉన్న పాత ఫైళ్లు అవసరం పడ్డాయి.

"మరి ఫారంలో ఏం రాశారు సార్?"

పెద్దాయన కవర్లోంచి కాగితం తీసి నా వైపు తిప్పారు. వివరణ గడిలో "గిఫ్ట్ ఐటమ్స్". సంఖ్య గడిలో 1. విలువ గడిలో 10 పౌండ్లు. కింద ఆయన సంతకం, ఎంతో పొందికగా.

"పది వేయండి సార్, డ్యూటీ పడదు అని కౌంటర్లో కుర్రాడు చెప్పాడండీ."

నా లెక్కలో ఈ కేసు మొత్తం ఆ మూడు గడుల్లోనే ఉంది. డ్యూటీ విమానం దిగాక పడుతుందని అందరూ అనుకుంటారు. నేను చూసిన ఇలాంటి కేసుల్లో చాలావాటికి బుకింగ్ కౌంటర్ దగ్గర ఫారం నింపేటప్పుడే పడిపోయింది. అక్కడి కస్టమ్స్ అధికారి పెట్టెను చూసేది ఎప్పుడో ఒకసారి. రోజూ చూసేది ఫారాన్నే.

ఆరు రోజుల్లో ఏమేం జరిగిందో ట్రాకింగ్ తెరిచి ఒక్కో లైనూ చదివాను.

రెండో రోజునే పెట్టె ఒకసారి వెనక్కి వచ్చింది. లాప్‌టాప్ బ్యాగు పక్క జేబులో ఒక పవర్ బ్యాంక్ ఉందట, స్కానింగ్‌లో దొరికింది. కౌంటర్ వాళ్లు ఫోన్ చేస్తే పెద్దాయన వెళ్లి తీసేసి వచ్చారు. "లాప్‌టాప్‌లో కూడా బ్యాటరీ ఉంటుంది కదా, దానికి లేని అభ్యంతరం దీనికెందుకు?" అని నన్ను అడిగారు. మంచి ప్రశ్నే. పరికరం లోపల బిగించి ఉన్న లిథియం అయాన్ బ్యాటరీ ప్రమాదకర సరుకుల జాబితాలో యూఎన్ 3481 అనే నంబరు కిందికి వస్తుంది, పరిమితుల్లో ఉంటే వెళ్లనిస్తారు. పవర్ బ్యాంక్ పరికరం కాదు, విడి బ్యాటరీ. యూఎన్ 3480. విడి బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా వేయడం 2016 ఏప్రిల్ 1 నుంచి నిషేధం. సరుకు విమానంలో అయినా 30 శాతానికి మించి చార్జింగ్ ఉండకూడదు, ప్యాకింగ్‌కీ లేబుల్‌కీ ప్రత్యేక నియమాలున్నాయి. ఇంట్లో కట్టిన పెట్టెలో అవన్నీ కుదరవు. ఆయన బ్యాటరీ 20,000 ఎంఏహెచ్, 3.7 వోల్టులు. అంటే 74 వాట్ అవర్లు. జేబులో పెట్టుకుని విమానం ఎక్కితే ఎవరూ ఏమీ అనరు, పార్శిల్లో వేస్తే ఆపేస్తారు. జనానికి ఇది తిరకాసుగా అనిపిస్తుంది కానీ, క్యాబిన్లో పొగ వస్తే చూసే మనిషి ఉంటాడు, కింద సరుకు అరలో ఉండడు. తేడా అంతే.

ఆ ఒక్క రోజు పోయింది. అది పెద్ద నష్టం కాదు.

ఐదో రోజు పెట్టె బ్రిటన్‌లో దిగింది. దిగిన రోజే హోల్డ్. కొరియర్ క్లియరెన్స్ విభాగం నుంచి పెద్దాయనకు ఈమెయిల్ వచ్చింది. వస్తువుల వివరం చాలడం లేదు, ఒక్కో వస్తువూ దాని విలువా రాసి, రుజువులు జతచేసి పంపండి అని. ఇందులో బెదిరింపు ఏమీ లేదు, రోజూ పంపే మామూలు ప్రశ్న. కానీ పెద్దాయనకు కంగారు పుట్టింది. ఆ రాత్రే జవాబు రాశారు. ప్రింటు నా ముందు పెట్టారు. ఒకే వాక్యం: ఇవన్నీ మా కుటుంబానికి కానుకలు మాత్రమే, వీటికి వాణిజ్య విలువ లేదు.

ఈ "వాణిజ్య విలువ లేదు" అనే మాట ఎవరు కనిపెట్టారో కానీ, ఎన్ని పార్శిళ్లను ముంచిందో లెక్కలేదు. అమ్మకానికి కాదు అని చెప్పడం ఆయన ఉద్దేశం. కస్టమ్స్ చెవికి అది విలువ చెప్పను అన్నట్టు వినిపిస్తుంది. కానుక అయినా, వాడినదైనా, ఉచితంగా వచ్చినదైనా ప్రతి వస్తువుకూ కస్టమ్స్ దృష్టిలో ఒక విలువ ఉంటుంది. ప్రపంచ వాణిజ్య సంస్థ వాల్యుయేషన్ ఒప్పందం ప్రకారం మొదట చూసేది నిజంగా చెల్లించిన ధర. అది లేకపోయినా, నమ్మేలా లేకపోయినా, అలాంటి సరుకుల ధర చూసి తామే విలువ కడతారు. అలా ఆరు పద్ధతులు వరుసగా ఉన్నాయి. మనం చెప్పకపోతే వాళ్లు సున్నా వేయరు, వాళ్లకు దొరికిన అంకె వేస్తారు.

అదే జరిగింది. ఆరో రోజు పొద్దున పెట్టె విప్పి చూశారు. ఎక్స్‌రేలో లాప్‌టాప్ ఆకారం కనిపిస్తూ ఉంటే కాగితం మీద 10 పౌండ్లు ఉంటే ఎవరైనా విప్పుతారు. ఇక్కడ ఒక అదృష్టం. ఆవిడ మూడు కానుకల బిల్లులూ పెట్టెలోనే ఒక కవర్లో పెట్టారు. మార్చుకోవాలంటే ఉంటాయని. విదేశం నుంచి ఎలా మారుస్తారని నేను అడగలేదు. ఆ బిల్లుల ప్రకారం స్వెట్టర్ 36 పౌండ్లు, గడియారం 38, రైలు 22. బిల్లులు వేరే కరెన్సీలో ఉంటే బ్రిటన్ కస్టమ్స్ తాను నెల నెలా ప్రకటించే మారకపు రేటుతో పౌండ్లలోకి మార్చుకుంటుంది. లాప్‌టాప్‌కు బిల్లు లేదు. అలాంటి మోడల్ వెబ్‌లో ఎంతకు అమ్ముతున్నారో చూసి 260 వేశారు. మొత్తం 356. దానికి పార్శిల్ చార్జీ 110 కలిపారు. అన్నీ కలిపి ఒకే లైనుగా ఎంట్రీ, అంటే పన్ను లెక్కకు కస్టమ్స్‌లో చేసే నమోదు, వేసేశారు.

బిల్లు కూతురి ఫోన్‌కు వెళ్లింది. ఆమె దాన్ని తండ్రికి పంపింది, ఆయన నాకు చూపించారు.

మన వాళ్లు విదేశంలో కట్టేదంతా "డ్యూటీ" అనేస్తారు. ఆ బిల్లులో నిజానికి మూడు వేర్వేరు డబ్బులున్నాయి, అవి విడదీసి చూస్తే తప్ప పోరాడాల్సింది దేనిమీదో తెలియదు. ఒకటి అసలు కస్టమ్స్ డ్యూటీ. బ్రిటన్‌లో 135 పౌండ్లు దాటి 630 లోపు ఉన్న కానుకలకు ఇది 2.5 శాతం, కొన్ని సరుకులకు ఇంకా తక్కువ. 466 మీద 11.65 పౌండ్లు. రెండోది వ్యాట్, 20 శాతం. ఇది సరుకు విలువ మీదే కాదు, రవాణా ఖర్చు, బీమా, డ్యూటీ అన్నీ కలిపిన మొత్తం మీద. 477.65 మీద 95.53. మూడోది కొరియర్ ఫీజు, 15 పౌండ్లు. పన్ను మన తరఫున ముందే కట్టినందుకు, కాగితాలు నడిపినందుకు కొరియర్ వసూలు చేసుకునేది. ప్రభుత్వానికి దానితో సంబంధం లేదు. వెరసి 122.18.

కూతురు ఆ రోజు తన ఫోన్‌కు వచ్చిన ఇంకో మెసేజ్ కూడా పంపింది. మీ పార్శిల్ ఆగింది, రెండు పౌండ్ల చిల్లర కడితే వదులుతాం అని, కింద ఒక లింకు. ఆమె కట్టబోయి ఆగింది. అందులో ఉన్న నంబరు చూడగానే నాకు విషయం అర్థమైంది. మొదట రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర రెండు అక్షరాల దేశం కోడ్. అది తపాలా శాఖల నంబరు పద్ధతి, 1874లో బెర్న్‌లో పుట్టిన యూనివర్సల్ పోస్టల్ యూనియన్ పెట్టిన ప్రమాణం. మన పెట్టె వెళ్లింది ప్రైవేటు కొరియర్లో, దాని ఎయిర్‌వే బిల్లులో అక్షరాలే లేవు. పైగా తొమ్మిదో అంకె తపాలా నంబర్లలో చెక్ డిజిట్, అంటే నంబరు సరైనదో కాదో చూసుకునే అంకె. మొదటి ఎనిమిది అంకెలను వరుసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో గుణించి, కూడి, 11తో భాగించాలి. శేషాన్ని 11లోంచి తీసేస్తే తొమ్మిదో అంకె రావాలి (10 వస్తే 0, 11 వస్తే 5 అని తీసుకోవాలి). వేసి చూశాను, రాలేదు. ఊరికే ఎనిమిదీ తొమ్మిదీ కొట్టేశాడు ఎవడో. నిజం పార్శిల్ ఆగిన రోజే దొంగ మెసేజ్ రావడం కాకతాళీయమే. ఇలాంటివి లక్షల మందికి పోతుంటాయి, వాటిలో కొందరికి నిజంగానే పార్శిల్ ఆగి ఉంటుంది. మెసేజ్‌లో లింకు నొక్కకండి, కొరియర్ సైటు మీరే తెరిచి మీ నంబరు మీరే కొట్టండి అని ఆమెకు చెప్పాను.

ఇక అసలు పని. మా ముందు మూడు దార్లున్నాయి.

పెట్టె వెనక్కి తెప్పించుకోవడం మొదటిది. పెద్దాయన దానికే మొగ్గారు, "పోనీ తెప్పించేద్దాం బాబూ, పరువు పోయింది" అని. వద్దన్నాను. తిరుగు చార్జీ పంపిన చార్జీ కంటే తక్కువ ఉండదు, చాలాసార్లు ఎక్కువే. పైగా ఇక్కడికి వచ్చాక ఇక్కడి కస్టమ్స్‌కు అది మళ్లీ దిగుమతే, మన వస్తువే అని మళ్లీ రుజువు చేసుకోవాలి. పరువు సంగతికి వస్తే, అక్కడ రోజూ వేల పెట్టెలు ఆగుతాయి, ఎవరి మొహమూ ఎవరికీ గుర్తుండదు.

రెండోది, డబ్బు కట్టకుండా ఎంట్రీ సరిచేయించడం. ఇది అన్నిటికంటే చవక, కానీ ఎంట్రీ వేయకముందే జరగాలి. నేను ఏడో రోజు వస్తువులవారీ పట్టిక పంపి అడిగాను. ఎంట్రీ వెళ్లిపోయింది, ఇక మావల్ల కాదు, కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోండి అన్నారు. "వాణిజ్య విలువ లేదు" అని రాసిన ఆ రాత్రి పట్టిక పంపి ఉంటే ఈ దారే సరిపోయేది.

మూడోది, కట్టి విడిపించుకుని తర్వాత వాపసు అడగడం. ఈ కొరియర్ పెట్టెను పది రోజులు ఉంచుతుంది, తర్వాత గోదాము అద్దె మొదలవుతుంది, ఆపై వెనక్కో చెత్తలోకో. పుట్టినరోజు కూడా దగ్గరపడుతోంది. కట్టమన్నాను. కూతురు పన్నెండో రోజు కట్టింది, పదమూడో రోజు పెట్టె ఇంటికి చేరింది. పుట్టినరోజుకు ఇంకా ఐదు రోజులుంది.

కట్టేముందే ఆమెకు ఒక పని చెప్పాను. పెట్టె అందగానే విప్పకముందు ఫొటో, విప్పుతున్నప్పుడు ఫొటో, లోపల ఒక్కో వస్తువు ఫొటో. ఆ ఫొటోలు వచ్చాక వాటిలో ఒకటి చూసి నేను కాసేపు ఆగిపోయాను. ఆవిడ మూడు కానుకలనూ మూడు రంగు కాగితాల్లో విడివిడిగా చుట్టి, ఒక్కోదాని మీద స్కెచ్ పెన్నుతో పేర్లు రాశారు. కూతురిది గులాబీ రంగు, అల్లుడిది నీలం, మనవడిది పసుపు. కస్టమ్స్ వాళ్లు ఒక అంచు మాత్రం కోసి చూసి, మళ్లీ వాళ్ల ముద్రలున్న టేపు అంటించారు.

ఎందుకు ఆగానంటే, బ్రిటన్ నియమాల్లో ఒకటి ఇదే. వ్యక్తి నుంచి వ్యక్తికి వెళ్లే కానుక 39 పౌండ్లు దాటకపోతే వ్యాట్ లేదు. ఒకే పెట్టెలో వేర్వేరు మనుషులకు వేర్వేరు కానుకలుంటే ఒక్కొక్కరికీ ఆ 39 విడిగా వర్తిస్తుంది. దానికి మూడు షరతులు: వేర్వేరు మనుషులకు అయి ఉండాలి, విడివిడిగా చుట్టి ఉండాలి, డిక్లరేషన్‌లో విడివిడిగా విలువలతో రాసి ఉండాలి. 36, 38, 22. మూడూ పరిమితి లోపలే. ఆవిడకు ఈ నియమం తెలియదు, ప్రేమకొద్దీ చుట్టారు. మూడు షరతుల్లో రెండు పూర్తి చేసేశారు. మూడోది కౌంటర్లో కుర్రాడు పాడుచేశాడు.

వాపసు దరఖాస్తు రెండు భాగాలుగా వేశాను. బ్రిటన్‌లో పోస్టు ద్వారా వచ్చిన పార్శిల్‌కు బీఓఆర్ 286 ఫారం, కొరియర్ ద్వారా వచ్చినదానికి సీ 285. ఇవి తారుమారు చేసి నెలలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

మొదటి భాగం లాప్‌టాప్. ఇది కానుక కానే కాదు, కానుకగా లెక్కేయడమే తప్పు. బ్రిటన్‌లో కొని, అక్కడ వ్యాట్ కట్టి, బయటికి తీసుకెళ్లి, మూడేళ్లలోపు అదే స్థితిలో తిరిగి తెచ్చుకునే వస్తువుకు డ్యూటీ, వ్యాట్ రెండూ మినహాయింపే. రిటర్న్‌డ్ గూడ్స్ రిలీఫ్ అంటారు. బయటికి తీసుకెళ్లిన మనిషే తిరిగి తెప్పించుకుంటూ ఉండాలి. ఇక్కడ కూతురే తీసుకెళ్లింది, కూతురి పేరుకే వచ్చింది. మధ్యలో ఏమైనా రిపేరు చేయించారా అని అడిగాను, విలువ పెరిగే మార్పు ఉంటే చిక్కు వస్తుంది కాబట్టి. పెద్దాయన నొచ్చుకున్నారు. "తుడిచి బట్టలో చుట్టి బీరువాలో పెట్టాను బాబూ, ఒక్కసారి కూడా తెరవలేదు."

ఇక్కడ తప్పు నాది. కూతురు బ్రిటన్‌లో కొన్న రసీదు ఆన్‌లైన్ ఖాతాలో దొరికింది, దాన్ని జతచేసి పంపేశాను. కొన్నట్టు రుజువు ఉంది, దేశం దాటి వెళ్లినట్టు రుజువు ఏది అని తిప్పి పంపారు. అప్పుడు పద్నాలుగు నెలల కిందటి ఆమె ప్రయాణ టికెట్, బోర్డింగ్ పాస్ ఈమెయిల్ వెతికి తీయించాం. లాప్‌టాప్ సీరియల్ నంబరు ఫొటో తీయించి రసీదులో ఉన్న నంబరుతో కలిపి పంపాం. ఇవి మొదటిసారే పంపాల్సింది. అలవాటైన పని కదా అని తేలిగ్గా తీసుకున్నాను, రెండు వారాలు పోయాయి.

రెండో భాగం మూడు కానుకల 39 పౌండ్ల మినహాయింపు. దీనికి రంగు కాగితాల ఫొటోలు, బిల్లులు, పేర్లు జతచేశాను. వస్తుందనే పెద్దాయనకు చెప్పాను. అది కూడా నా తప్పే. అంత గట్టిగా చెప్పి ఉండకూడదు.

తొమ్మిది వారాలకు జవాబు వచ్చింది. లాప్‌టాప్ మినహాయింపు ఒప్పుకున్నారు. అది లెక్కలోంచి పోయాక మిగిలిన కానుకలు 96 పౌండ్లే, 135 దాటలేదు కాబట్టి డ్యూటీ మొత్తం 11.65 కూడా పోయింది. కానుకల విడి మినహాయింపు మాత్రం ఇవ్వలేదు. డిక్లరేషన్‌లో విడివిడిగా రాసి లేదు, తర్వాత పంపిన పట్టిక డిక్లరేషన్ కాదు అన్నారు. వాదించడానికి నా దగ్గర మాట లేదు, నియమం వాళ్ల వైపే ఉంది.

కాబట్టి 96 పౌండ్ల సరుకు, పార్శిల్ చార్జీలో దాని వాటా 29.66, కలిపి 125.66 మీద 20 శాతం, అంటే 25.13 వాళ్ల దగ్గరే ఉండిపోయింది. పన్నుగా కట్టిన 107.18లో 82.05 తిరిగి వచ్చింది. కొరియర్ ఫీజు 15 రాలేదు, రాదు కూడా. ఫారం మొదటే సరిగ్గా నింపి ఉంటే కట్టాల్సింది సున్నా.

పార్శిల్ చార్జీ 110 అన్నాను కదా. దాని మీద కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే పెద్దాయన్ని అన్నిటికంటే బాధపెట్టింది అదే. పెట్టె అసలు బరువు 6.8 కిలోలు. బిల్లు వేసింది 22 కిలోలకు. మోసం చేశారని ఆయన నమ్మకం. మోసం కాదు. పెట్టె కొలతలు 60, 45, 40 సెంటీమీటర్లు. మూడూ గుణిస్తే 1,08,000. కొరియర్లు దాన్ని 5,000తో భాగిస్తాయి, 21.6 కిలోలు వస్తుంది. దీన్ని వాల్యూమెట్రిక్ వెయిట్ అంటారు. అసలు బరువు, ఇది, రెండిట్లో ఎక్కువ ఏదైతే దానికి చార్జీ, తర్వాతి అరకిలోకు సవరించి. విమానంలో చోటుకే ఖరీదు, కాబట్టి ఆ లెక్క న్యాయమే. ఇంట్లో ఉన్న పాత ఓవెన్ పెట్టెలో సర్ది, ఖాళీ అంతా కాగితం ఉండలతో నింపారు. అదే సామాను 45, 35, 20 పెట్టెలో పట్టేది. 31,500ను 5,000తో భాగిస్తే 6.3. అప్పుడు అసలు బరువే ఎక్కువ, 7 కిలోలకే చార్జీ పడేది. గాలికి అద్దె కట్టారు, పైగా చార్జీ వ్యాట్ లెక్కలో కలుస్తుంది కాబట్టి ఆ గాలి మీద వ్యాట్ కూడా కట్టారు. ఇది చెప్పినప్పుడు ఆవిడ నవ్వారు, ఆయన నవ్వలేదు.

నాలుగు నెలల తర్వాత మళ్లీ వచ్చారు. ఈసారి ముందే. కూతురికి శాలువా, మనవడికి రెండు బొమ్మల పెట్టెలు. లాప్‌టాప్ లాంటిది ఏమీ లేదు, తొందర కూడా లేదు. కాబట్టి పోస్టు పార్శిల్ చాలన్నాను. కొరియర్‌లో క్లియరెన్స్ త్వరగా జరుగుతుంది కానీ ఫీజులు ఎక్కువ, పోస్టులో నెమ్మదిగా జరుగుతుంది, ఫీజు సాధారణంగా తక్కువ.

ఫారం నింపడానికి ముప్పావు గంట పట్టింది. ఎక్కువ సమయం శాలువా మీదే పోయింది. ఆయన "శాలువా" అని రాయబోయారు. ఏ దారం, అల్లినదా నేసినదా, ఆడవాళ్లదా, కొత్తదా, ఎన్ని అని అడిగాను. ఈ ప్రశ్నలన్నీ చాదస్తంగా కనిపిస్తాయి కానీ, అల్లిన బట్టలు హెచ్ఎస్ కోడ్‌లో 61వ అధ్యాయం, నేసినవి 62వ అధ్యాయం. రేటు మారొచ్చు. హెచ్ఎస్ అంటే బ్రస్సెల్స్‌లో ఉన్న ప్రపంచ కస్టమ్స్ సంస్థ నడిపే సరుకుల పట్టిక, 1988 నుంచి అమల్లో ఉంది. దాన్ని వాడే దేశాలన్నిటిలో మొదటి ఆరు అంకెలూ ఒకటే. బొమ్మలు 9503.00, లాప్‌టాప్ 8471.30, ఉన్నితో అల్లిన స్వెట్టర్ 6110.11. ఈ ఆరు అంకెలు ఉంటే అక్కడి అధికారి మన భాషను ఊహించాల్సిన పని ఉండదు. చివరికి ఆ లైను ఇలా తయారైంది: మహిళల శాలువా, నేసినది, 100 శాతం ఉన్ని, కొత్తది, 1, 0.4 కిలో, విలువ, కోడ్, ఎవరి కోసం. బొమ్మల పెట్టెలకు ఇంకో లైను. రెండూ ఒకే పిల్లాడివి కాబట్టి రెండిటి విలువ కలిపి 39 దాటకుండా చూశాం. "ఒక పెట్టె మీద అమ్మాయి పేరు రాసేద్దామా?" అని ఆయన నన్ను అడిగారు. బొమ్మలతో ఆడుకునే వయసా సార్ మీ అమ్మాయిది అన్నాను. ఊరుకున్నారు.

పోస్టులో విలువ 300 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్క యూనిట్) దాటకపోతే చిన్న ప్యాకెట్టుకు సీఎన్ 22 అనే చిన్న ఫారం సరిపోతుంది. పార్శిల్‌కు సీఎన్ 23. పార్శిల్ ఫారంలో చాలామంది ఖాళీగా వదిలేసే గడి ఒకటుంది: అందకపోతే ఏం చేయాలి? తిరిగి పంపాలా, వదిలేయాలా? వెనక్కి రావడానికి అయ్యే ఖర్చు లోపలి వస్తువు కంటే ఎక్కువైతే వదిలేయమని టిక్కు పెట్టడమే మేలు. ఈ పెట్టెకు తిరిగి పంపమనే పెట్టాం. వదిలేయడానికి ఆవిడ ఒప్పుకోలేదు.

కొరియర్‌లోనే పంపి డబ్బు ముందే ఇక్కడే కట్టే పద్ధతి కూడా ఉంది, డీడీపీ అంటారు. అందుకునేవాళ్లకు బిల్లు వెళ్లదు. మామూలుగా వెళ్లేది డీఏపీ, అంటే చేరాక అక్కడివాళ్లు కట్టడం. డీడీపీకి కొరియర్ అదనపు ఫీజు తీసుకుంటుంది, ఎలాగూ పన్ను పడదు అన్న కానుకకు అది దండగ. పెళ్లి కానుకలాంటి ఖరీదైన వస్తువు పంపేటప్పుడు, అందుకునేవాళ్ల చేత బిల్లు కట్టించడం బాగుండదు అనుకుంటే మాత్రం మంచిది.

ఈ కేసు విని వేరే దేశానికి ఇవే అంకెలు వాడాలనుకునేవాళ్లకు ఒక్క హెచ్చరిక. యూరోపియన్ యూనియన్‌లో కానుక పరిమితి 45 యూరోలు, కొన్న సరుకుకు 22 యూరోల వరకు ఉన్న వ్యాట్ మినహాయింపు 2021 జూలై 1తో పోయింది. అమెరికాలో 800 డాలర్ల వరకు డ్యూటీ లేదని ఏళ్లపాటు అందరం ధీమాగా చెప్పేవాళ్లం, 2025 ఆగస్టు 29న దాన్ని అన్ని దేశాల సరుకుకూ నిలిపేశారు. నిరుడు పంపినప్పుడు పడలేదు కదా అని ఎవరైనా అంటే, నేను ఆ దేశం కస్టమ్స్ సైటు మళ్లీ తెరుస్తాను.

రెండో పెట్టె పంతొమ్మిది రోజులకు చేరింది, ఒక్క పౌండు కూడా పడలేదు.

మొదటి పెట్టె గురించి మిగిలింది ఒకటే. పెట్టె విప్పినప్పుడు రైలు ఇంజన్ చక్రం ఒకటి ఊడి ఉంది. విమాన సరుకుకు మాంట్రియల్ ఒప్పందం ప్రకారం కిలోకు 26 ఎస్‌డీఆర్ వరకు బాధ్యత ఉంటుంది, 2024 డిసెంబర్ 28 నుంచి ఆ పరిమితి. దెబ్బతింటే అందిన 14 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. కూతురు పెట్టె అందిన ఆరో రోజునే రాసింది. కొరియర్ అడిగిన మొదటి ప్రశ్న: డిక్లరేషన్‌లో పెట్టె మొత్తం విలువ 10 పౌండ్లు కదా, అందులో ఈ చక్రం విలువ ఎంత? ఆమె తండ్రికి ఫోన్ చేసింది, ఆయన నాకు చేశారు. వదిలేయండి సార్ అన్నాను. మనవడు మూడు చక్రాల ఇంజన్‌నే పట్టాల మీద లాగుతున్నాడట, అది కుంటుతోందని దానికో పేరు కూడా పెట్టాడట.